మునిలక్ష్మి పిలుచుకొచ్చిన తండ్రి

ఆ రోజు మునిలక్ష్మికి తన కాళ్ళ మీద తనకే అసహ్యం వేసింది. తమిళనాడులో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పళ్ళిపట్టు దగ్గరి ఒక సర్కారు హైస్కూల్లో ఊడ్చే పని ఆమెది. అది పేరుకే. పన్నెండేళ్ళుగా అసలు పని, బడి మానేసిన పిల్లల ఇళ్ళకు పోయి బతిమాలో తిట్టో వెనక్కి తీసుకురావడం. ఎలుమలై కూతురు నిత్యను పోయినేడు మరమగ్గాల షెడ్డులోంచి అట్లాగే లాక్కొచ్చింది. టెన్త్ దాటించే పూచీ నాదన్నా అని ఎలుమలైకి మాట కూడా ఇచ్చింది.

జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టర్ రత్నస్వామి ఆమె చేతికి ఆరు పేర్ల చీటీ ఇచ్చాడు. "వీళ్ళ నాయన్లను ఒక్కొక్కరిగా పిల్చుకోని రా. పిల్లోళ్ళ చదువు గురించి మాట్లాడల్ల."

పిచ్చిది, సంబరపడింది. ముందుగా ఎలుమలై ఇంటికే పరిగెత్తింది.

అతను మగ్గం ఆపి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. రత్నస్వామి కుర్చీ వేయించి, టీ తెప్పించి, తమిళంలో టైపు చేసిన కాగితం ముందుకు జరిపాడు. "ఈడొక సంతకం పెట్టు ఎలుమలై, బిడ్డకు మంచిదే."

ఎలుమలై చదివింది తెలుగు బడిలో ఐదో తరగతి. తమిళం గడగడా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. ఈ సరిహద్దు ఊళ్ళల్లో ఆ వయసు మగవాళ్ళు చాలామంది అంతే. చచ్చినా ఆ మాట ఒప్పుకోరు. రత్నస్వామిదీ ఆ ఊరే, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఎలుమలై కాగితాన్ని చదువుతున్నట్టే పైనుంచి కిందికి చూసి, తెలుగులో సంతకం గీకాడు.

మునిలక్ష్మి తమిళ బడిలోనే చదువుకుంది. గ్లాసు తీయడానికి వంగి కాగితం చదివింది. కుటుంబ కష్టాల వల్ల కూతురి చదువు తానే మాన్పిస్తున్నానని, టీసీ ఇప్పించమని ఎలుమలై వేడుకుంటున్నట్టు రాసుంది.

"ఇదేంది సార్?"

"తొమ్మిదిలో లెక్కలకు పద్నాలుగు మార్కులు. ఆ పిల్ల టెన్త్ తప్పితే మన సెంటం పోతాది. నీకెందుకు, గ్లాసు తీసుకోని పో."

థూ! గేటుకు నూటికి నూరు పాస్ అని బ్యానరు కట్టుకోవడానికి పిల్లను బయటికి గెంటడమా! పైగా తండ్రిని చెయ్యి పట్టి తెచ్చింది తనే.

"అన్నా, నిత్యకు టీసీ ఇమ్మని నువ్వే అడిగినట్టు రాసినాడు. చించెయ్!"

ఎలుమలై ముఖం మాడిపోయింది. హెడ్మాస్టర్ వైపు చూశాడు, చొక్కా సర్దుకున్నాడు.

"నాకు తెలుసులేమ్మా. చదివే పెట్టినా," అని లేచి వెళ్ళిపోయాడు.

ఛీ, పాడు పరువు! కన్నబిడ్డ చదువు కన్నా ఎక్కువైపోయింది.

చీటీలో రెండో పేరు యువరాజ్. మునిలక్ష్మి నేరుగా వాళ్ళింటికి పోయింది. వాళ్ళ నాయన ధనకోటి గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"బడికి రమ్మన్నారా అక్కా?"

"నువ్వు రాబాకు," అంది ఆమె. "ఎవురు పిల్చినా రాబాకు. పిల్లోణ్ణి మాత్రం దినామూ పంపించు."