కొంగలున్న చెట్లను దులిపిన ఏడు

1976 జూన్‌లో, వర్ధన్నపేటకు కొంత దూరంలో ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలకు నేను గణితం ఉపాధ్యాయుడిగా వచ్చాను. బడి వెనుక చెరువు, దాని ఒడ్డున గ్రామ పంచాయతీకి చెందిన పదకొండు చింతచెట్లు ఉండేవి. ఏటా డిసెంబరులో ఎర్రకాళ్ల కొంగలు ఆ చెట్ల మీద దిగి గూళ్లు కట్టేవి. పిల్లలు ఎగరడానికి మార్చి ముగిసేది. చింతపండు మాత్రం ఫిబ్రవరి నాటికే దులపడానికి వచ్చేది. కొమ్మ మీద పండు, అదే కొమ్మ మీద పిల్లలు.

ఈ చిక్కుకు ఊరు ఎన్నడో ఒక పద్ధతి ఏర్పరచుకుంది. కొంగలను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలుగా ఎంచేవారు. చెట్లను గుత్తకు పట్టినవారు గూళ్లు లేనివాటిని ముందు దులిపి, గూళ్లున్నవాటిని పిల్లలు ఎగిరేదాకా ముట్టేవారు కారు. అలా ఆగిన పండు కొంత పురుగు పట్టేది, కొంత వానకు తడిసి నల్లబడేది. దాన్ని నష్టమని ఎవరైనా అనగా నేను వినలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి ఆ ఊరికి తెలియదు. చట్టం చేయవలసిన పనిని ఆ మర్యాదే చేస్తూ వచ్చింది.

నేను వచ్చినప్పటి నుంచి వేలంలో ఆ చెట్లను పాడుకున్నది ఒక వితంతువు. ఊరంతా ఆమెను అవ్వా అని పిలిచేది. గుంట భూమి లేదు; ఆమె ఏడాది బతుకు ఆ పండు మీదే నడిచేది. 1980 చివర జరిగిన వేలంలో వరంగల్ బజారు నుంచి ఒక వ్యాపారి వచ్చి, పాట పెంచి, చెట్లను దక్కించుకున్నాడు. అవ్వ అతని దగ్గరే కూలికి కుదిరింది.

ఆ ఏడు చెరువు ఆలస్యంగా నిండింది. కొంగలు జనవరి చివరన గానీ దిగలేదు. మార్చి మూడో వారంలో వ్యాపారి కూలీలతో, వెదురు గడలతో వచ్చేసరికి ఆరు చెట్ల మీద నలభై ఒక్క గూళ్లున్నాయి. పిల్లలకు ఇంకా నూగే తప్ప ఈకలు లేవు.

"సేటూ, జర ఆగు. పిల్లలు ఎగిరినంక నేనే దగ్గరుండి దులిపిస్త," అన్నది అవ్వ.

"ఎన్నొద్దులు ఆగాలె? రాళ్లవాన పడితె పండంత పాయె. మార్చితోని గుత్త గూడ ఒడుస్తది. నా నష్టం కొంగలు కడ్తయా?"

"పురిటికచ్చిన బిడ్డలు సేటూ. ఉసురు తగుల్తది."

"నీ బిడ్డలైతె నీ ఇంటికి తోల్కపో అవ్వా!"

కూలీలలో ఇద్దరు నవ్వారు. నేను చట్టం మాట ఎత్తాను.

"సారూ, మీరు పిలగాండ్లకు ఎక్కాలు చెప్పుండ్రి. ఇన్నేండ్లల్ల ఈడికి ఏ ఆఫీసరచ్చిండు?" అన్నాడతడు.

ఎవరూ రాలేదన్నది నిజమే. కనీసం గుత్త గడువు పెంచమని ఆ సాయంత్రం సర్పంచును అడిగాను. "ఒక్కనికి పెంచితె రేపు అందరడుగుతరు సారూ," అని ఆయన నాకు చాయ్ పోయించి పంపాడు.

మరునాడు ఉదయం గూళ్లున్న చెట్లకు గడలు తగిలాయి. పెద్ద కొంగలు లేచి చెరువు మీద తిరగసాగాయి. పండుతో పాటు పుల్లలు, పుల్లలతో పాటు పిల్లలు రాలాయి. కింద ఆడకూలీలు వాటి మధ్య నుంచి కాయలు ఏరారు. అవ్వ కాయలు ఏరలేదు. బతికి ఉన్న పదిహేడు పిల్లలను గంపలో వేసుకొని పోయి, తన కొట్టం కప్పు మీద గడ్డి పరచి పెట్టింది. పైన ఉంటే తల్లులు గుర్తుపట్టి మేపుతాయని ఆమె ఆశ. తల్లులు రాలేదు. చెరువులో చిన్న చేపలు పట్టి తానే వాటి నోళ్లలో పెట్టింది. కొన్ని మింగాయి, కొన్ని మింగలేదు. ఏప్రిల్ మొదటి వారం గడిచేసరికి ఒక్కటీ మిగలలేదు.

తరువాతి వేలానికి వ్యాపారి రాలేదు. పోటీ లేక చెట్లు మళ్లీ అవ్వకే దక్కాయి. చెరువు నిండుగా ఉంది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం కొంగల గుంపు వచ్చి, చెట్ల పైన రెండు మూడు చుట్లు తిరిగి, దిగకుండానే సాగిపోయింది. పాఖాల చెరువు వైపు పోయాయని కొందరన్నారు. వెళ్లి చూసినవారు లేరు కనుక ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు.

1982 ఫిబ్రవరిలో, శివరాత్రి మరునాడు, బడికి పోతూ చూస్తే పదకొండు చెట్ల కిందా కూలీలున్నారు. కిందటేడు కూడా ఆలస్యంగానే దిగాయి కదా, మరికొన్నాళ్లు చూడరాదా అని అవ్వను అడిగాను.

"చూసిన సారూ. పొద్దున లేస్తె మొగులు దిక్కే చూసిన. ఇంక ఎవలకోసం ఆగాలె?" అని, కూలీల వైపు తిరిగి, "దులుపుండ్రి," అన్నది.

ఆ వేసవిలోనే నాకు బదిలీ అయింది. నేను ఆ ఊళ్లో పనిచేసిన ఏళ్లన్నింటిలో చింతపండు పురుగు పట్టక, నల్లబడక అవ్వ ఇల్లు చేరింది ఆ ఒక్క ఏడే.