పిన్ని పెంచిన మెక్సికో ఆకు

మొన్న పంజాగుట్టలో ఓ కొత్త హోటల్లో, పెద్ద ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన చేపను తెచ్చి ముందు పెట్టారు. పొట్లం విప్పగానే సోంపూ మిరియాలూ కలిసిన ఘాటు గుప్పుమంది. పక్కవాళ్లు లొట్టలేస్తుంటే నాకు మాత్రం పిన్ని కేక వినిపించింది.

మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే వేలాడే రోజులవి. మేం మధురానగర్‌లో పెరడున్న అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ చెల్లెలు సుజాత, మొగుడి దెబ్బలకు వాచిన మొహంతో కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయి, పొద్దున కంప్యూటర్ క్లాసుకు వెళ్లి, సాయంత్రం మట్టిలో చేతులు పెట్టేది. క్లాసులో స్నేహితురాలి అన్న, కంపెనీ పని మీద వెళ్లినప్పుడు మెక్సికో నుంచి తెచ్చిన వేరు ముక్కను పిన్ని నీళ్ల తొట్టి పక్కన పాతితే, వానలు పడేసరికి అది పిలకలు వేసి నా నెత్తి దాటి పెరిగి, చేమాకంత వెడల్పున, ముఖమల్‌లా మెత్తటి ఆకులు వేసింది. ఆదివారం కొరమీను ముక్కలకు ఉప్పూ కారం నిమ్మరసం పట్టించి, ఆ ఆకుల్లో చుట్టి ఇడ్లీపాత్రలో ఉడికిస్తే వీధంతా వాసన. పక్కింటి రెహానా ఆంటీ అయితే సన్నగా తరిగి కీమాలో వేసేది.

ఓ ఆదివారం అమ్మానాన్నా పెళ్లికి వెళ్లారు. పొయ్యి మీద నీళ్లు పెట్టి పిన్ని ఆకులు కోస్తుంటే, గేటు తన్ని తెరిచి బాబాయి వచ్చాడు. ఆమె జడ చేతికి చుట్టుకుని ఈడ్చాడు.

"కంప్యూటర్లు నేర్చుకుని ఎవడి దగ్గరికి పోతావే? నడు!"

"రాను. చంపినా రాను!" పిన్ని కేక పెట్టింది.

ఆమె తల తొట్టి గట్టుకేసి కొట్టాడు. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. అడ్డం వెళ్లిన నన్ను తన్నితే గోడకు కొట్టుకుని పన్ను ఊడింది. తర్వాత గోడవారగా ఉన్న కొడవలి అందుకుని మొక్కల్ని నరుకుతూ పోయాడు. వేటు వేటుకూ సోంపు ఘాటు లేచి నా నోట్లోని రక్తంతో కలిసిపోయింది. మొక్కలయ్యాక కొడవలి పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. పిన్ని పాక్కుంటూ వంటింట్లోకి వెళ్లి, మరుగుతున్న ఇడ్లీపాత్రను రెండు చేతులా ఎత్తి, గుమ్మంలోకి వచ్చినవాడి మీద కుమ్మరించింది.

అతని అరుపుకి రెహానా ఆంటీ రోకలితో పరిగెత్తుకొచ్చింది. "ఇంకొక్క అడుగు ఏసినవంటే తల పగలగొడ్త! పో బయటికి!"

ఛాతీ, చేతులు బొబ్బలెక్కి, ఏడుస్తూ పోయాడు. మళ్లీ రాలేదు. పిన్ని కనుబొమకు కుట్లు పడ్డాయి, కోర్టులో విడాకులొచ్చాయి, బేగంపేటలో ఉద్యోగమొచ్చింది. నరికిన మొదళ్ల నుంచి కొత్త చిగుళ్లూ వచ్చాయి.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అమ్మాయిల హాస్టల్ ఉంది. పెరడంతా గచ్చు చేసి స్కూటర్లు పెట్టారు. రెహానా ఆంటీ వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. ఆ రోజు గురించి పిన్నిని ఒక్కసారే అడిగాను, భయం వేయలేదా అని.

"వేసింది," అంది. "వాడు గుమ్మం దాకా వచ్చేలోగా నీళ్లు చల్లారిపోతాయేమోనని."