అలెక్సిస్ తాత రెండు ఇంటిపేర్లు

కెనడాలో, సస్కాచువాన్ ఉత్తరాన, కినోసేవ్ సరస్సు తూర్పు ఒడ్డున ఉంది మా ఊరు. మా బడిలో ఫిలొమెన్ వైట్‌హెడ్ ముప్పై ఏళ్లు వంట చేసింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా ఊళ్లో అందరం మేటీలమే, అంటే ఒకప్పటి ఫ్రెంచి వర్తకులకూ ఇక్కడి ఆదివాసులకూ పుట్టిన సంతతి. అవతలి ఒడ్డున, సర్కారు ఆదివాసులకు కేటాయించిన రిజర్వు నేలలో ఉండేది క్రీ తెగవాళ్లు. రెండు ఒడ్లకూ వియ్యాలున్నాయి, ఇంట్లో మాట్లాడే భాష కూడా ఒకటే. కానీ వైట్‌హెడ్లకూ అవతలి వాపిస్తిక్వాన్లకూ మాత్రం పలకరింపుల్లేవు. వలలు వేసే చోటు దగ్గర వచ్చిన పాత తగాదా అని చెప్పుకునేవాళ్లు.

1998లో ఫిలొమెన్ మేనకోడలికి మేటీ గుర్తింపు కార్డు కావలసి వచ్చింది. నాలుగు తరాల పేర్లు, ఆధారాలతో సహా రాసి పంపమన్నారు. చర్చి పుస్తకాలన్నీ ఫ్రెంచిలో ఉండేవి; సన్యాసినుల దగ్గర ఆ భాష చదువుకున్నది ఇంట్లో ఫిలొమెన్ ఒక్కతే కాబట్టి ఆ పని ఆమె మీద పడింది. శనివారాలు చర్చి గదిలో కూర్చుని పాత పుస్తకాలు తిరగేసేది.

తమ్ముడు నార్బర్ట్ ఊరుకునేవాడు కాదు. "చచ్చినోళ్లందర్నీ లేపుతున్నావు గదక్కా, రేపు వాళ్లకీ నువ్వే వండిపెట్టాలి, చూస్కో!" అనేవాడు.

"నీకంటే తక్కువే తింటార్లే," అనేది ఆమె.

తన తాత అలెక్సిస్ దగ్గర పని ఆగిపోయింది. 1926లో అలెక్సిస్ వైట్‌హెడ్‌కు పెళ్లయినట్టు పుస్తకంలో ఉంది, వయసు ఇరవై రెండు. అతను పుట్టిన ఏడాది, ఆ ముందూ వెనకా ఏళ్లు అన్నీ వెతికింది. వైట్‌హెడ్ అనే పేరుతో ఏ పసివాడికీ బాప్తిస్మం జరగలేదు. 1904లో సరస్సు మొత్తానికి ఒకే ఒక్క అలెక్సిస్ ఉన్నాడు. జాన్‌బాప్తీస్త్ వాపిస్తిక్వాన్ కొడుకు. పిల్లవాణ్ణి ఎత్తుకున్న జ్ఞానపిత పేరు ఆంత్వాన్.

ఆంత్వాన్ అంటే ఫిలొమెన్ ముత్తాత, అలెక్సిస్‌కు తండ్రి అని ఇంట్లో చెప్పుకునే మనిషి. ఆమె రాజధాని నుంచి 1906 నాటి కాగితాల నకళ్లు తెప్పించింది. ఆ వేసవిలో సర్కారు గుడారం వేసి, ఒక బల్ల దగ్గర క్రీలను నేల వదులుకునే ఒప్పందపు జాబితాలో రాసింది, ఇంకో బల్ల దగ్గర మేటీలకు భూమి చీటీలిచ్చింది. ఎవరు ఏ బల్ల దగ్గరికి వెళ్తే ఇక వాళ్లు ఆ లెక్కలోకే వచ్చారు. ఆంత్వాన్ చీటీ మీద "తండ్రి పేరు వాపిస్తిక్వాన్" అని ఉంది. వాపిస్తిక్వాన్ అంటే తెల్లతల. చీటీల బల్ల దగ్గర గుమాస్తా ఆ పేరును ఇంగ్లీషు చేసి వైట్‌హెడ్ అని రాసేశాడు. పక్క బల్ల దగ్గరున్న అన్న జాన్‌బాప్తీస్త్‌కు మాత్రం అది విన్నది విన్నట్టే పడింది. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు అలా రెండు ఇంటిపేర్లవాళ్లయ్యారు.

ఏటేటా రాసే ఆ ఒప్పందపు జాబితాలో 1911 దగ్గర, జాన్‌బాప్తీస్త్ పేరు పక్కన "ఒక కొడుకు, అలెక్సిస్, మృతి" అని ఉంది. చర్చివాళ్ల సమాధుల పుస్తకంలో ఆ ఏడాది అలెక్సిస్ ఎవరూ లేరు.

మార్చిలో, సరస్సు మీద గడ్డకట్టిన మంచు ఇంకా గట్టిగా ఉండగానే, ఆమె దాని మీదుగా దాటి వెళ్లింది. జాన్‌బాప్తీస్త్ ఆఖరి కొడుకు మొయీజ్ అప్పటికి ఎనభై రెండేళ్లవాడు. కూతురు బియాట్రిస్ తలుపు తీసి, ఎవరో పోల్చుకుని లోపలికి రానిచ్చింది.

"ఎవరే నువ్వు?" అన్నాడు ముసలాయన.

"అవతలి ఒడ్డు పిల్లని తాతా. వైట్‌హెడ్లమ్మాయిని."

"పిల్లంట! జుట్టు నాకంటే తెల్లబడింది."

ఆమె కాగితం చదివి వినిపించింది. "మీ అన్న అలెక్సిస్ ఏడేళ్లకే పోయాడని ఉందిక్కడ."

"పోలేదు. మా నాన్న కాయితం మీద చంపేశాడు," అన్నాడు మొయీజ్. "రిజర్వు పిల్లల్ని సర్కారోళ్లు బలవంతంగా దూరపు బళ్లకి పట్టుకుపోయేవాళ్లు. మా పెద్దన్న జోసెఫ్‌ని అట్లాగే బడి పడవలో ఎక్కించుకుపోయారు. మళ్లీ రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా చెప్పలేదు. తర్వాత వంతు వీడిది. చీటీలోళ్ల పిల్లల జోలికి వాళ్లు రారు గదా, జాబితా రాసే దొర వచ్చేలోగా మా నాన్న వీణ్ణి మీ ముత్తాత ఇంటికి దాటించి, జ్వరంతో పోయాడని చెప్పేశాడు."

"మరి తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"రాకపోకలుంటే పోలికలు బయటపడతాయని మానేశారు. అడిగినోళ్లకి వలల తగాదా అనేవాళ్లు. మీ నాన్న అది నిజమే అనుకుని ఓసారి మా వల కోసిపోయాడు."

బియాట్రిస్ నవ్వింది. ముసలాయన నవ్వలేదు.

"కొట్లో కనపడేవాడు అలెక్సిస్. తల ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి. వాడు పోయిన రోజు పడవ మీ ఒడ్డు దాకా తెచ్చాను. దిగకుండానే వెనక్కెళ్లిపోయాను."

ఫిలొమెన్ టీ చల్లారిపోయింది. బియాట్రిస్ దాన్ని పారబోసి వేడిది తెచ్చిపెట్టింది.

కార్డు కోసం ఫిలొమెన్ జరిగిందంతా రాసి, మొయీజ్ వాంగ్మూలంతో పంపింది. మృతుడిగా నమోదైన బాలుడికి వారసులున్నట్టు గుర్తించలేమని, అదనపు ఆధారాలు పంపవచ్చని జవాబొచ్చింది. మరో రెండు ఉత్తరాలు రాసింది. మేనకోడలికి చివరికి తల్లి తరఫు పేర్ల మీద కార్డు వచ్చింది. మొయీజ్ మరుసటి చలికాలం పోయాడు. ఆ తర్వాత ఫిలొమెన్ ఆ ఉత్తరాలు మానేసింది. ఇంటిపేర్ల గురించి ఊళ్లోవాళ్లు వచ్చి అడిగితే మాత్రం చూసిపెట్టేది.

మంచు కరిగాక బియాట్రిస్ పడవలో ఒక దేవదారు పలక తెచ్చింది. అలెక్సిస్ సమాధి మీద పాత శిలువ కుళ్లిపోయింది. నార్బర్ట్ రంగు డబ్బా పట్టుకుని రెండు ఇంటిపేర్లూ రాశాడు. వాపిస్తిక్వాన్‌కు చోటు చాలక చివరి మూడక్షరాలు ఇరికించాల్సి వచ్చింది.

"ఇంత పొడుగు పేరేంటి వదినా?" అని బియాట్రిస్‌తో గొణిగాడు.

"వదినేంట్రా, అత్త అవుతుంది," అంది ఫిలొమెన్.

ఆ సాయంత్రం గాలి లేచింది. పడవ కదిలే వీల్లేక బియాట్రిస్ ఫిలొమెన్ ఇంట్లోనే ఉండిపోయింది. చేపల పులుసూ, పెనం మీద కాల్చిన రొట్టే తిన్నారు.