ఆయన ఇంటి తర్వాత మా ఇల్లు

మా ముందు క్వార్టరు మావయ్య పోయారు. షెడ్డులో బోగీ కింద ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మావయ్య లేరురా, రా" అని పెట్టేసింది.

ఆయన నాకు చుట్టం కాదు. నిమ్‌పురా రైల్వే యార్డులో బళ్లు కలిపీ విడదీసీ రిటైరయ్యాక, ట్రాఫిక్ కాలనీలో కొడుకు క్వార్టరులో ఉండేవారు. ఆ క్వార్టరు వెనకే మా రేకుల గది. పేకాటలో దొంగాట ఆడేవారు. పట్టుకుంటే "ముసిలోడి కళ్లురా, కనపళ్లేదు" అనేవారు. ఆ కళ్లకే వీధి మొదట్లో వచ్చే రిక్షాలో ఎవరున్నారో తెలిసిపోయేది.

ఆయన గురించి చెప్పాలంటే మాతా పూజ గురించి చెప్పాలి. అమ్మవారి ఘటం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో కమిటీ చెబుతుంది. క్వార్టరు లేని మాలాంటి కాంట్రాక్టు కూలీలది ఎప్పుడూ చివరే. ఘటం ఆయన ఇంటి ముందు ఆగి, మా గుమ్మం దాటి వెళ్లిపోయి, కాలనీ అంతా తిరిగి చీకటి పడ్డాక మా దగ్గరకు వచ్చేది. అప్పటికి మోసేవాళ్లకు కాళ్లుండవు, పసుపు నీళ్లతో నిలబడ్డ అమ్మకు ఓపిక ఉండదు.

నేను ఫోన్లో చూసి పైథాన్ కోడింగ్ నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు. పోయినేడు ఇళ్ల వరస అందరికీ పంపే ప్రోగ్రాం రాయమని కమిటీ అడిగింది. అప్పటికి నాకొచ్చింది అపెండ్ ఒక్కటే. కొత్త పేరును తీసుకెళ్లి చివర తగిలించడమే దాని పని. మావయ్య నా భుజం మీంచి తొంగి చూశారు.

"ఏటిరా, మీ ఇల్లు తోకకి కట్టినావు?"

"కమిటీ అలాగే సెప్పింది మావయ్యా."

"సివర బండి తగిలించడం ఎవడైనా సేస్తాడు. మధ్యలో పెట్టాలంటే ఇడదీయాలి, జరపాలి, మళ్లీ కలపాలి. కష్టమని సివర తగిలిస్తే ఆ బండి దాని ఊరు సేరదు."

ఆ రోజే ఇన్సర్ట్ నేర్చుకున్నాను. ఎన్నో చోటో చెబితే అక్కడ పెట్టి, మిగతావాళ్లను వెనక్కి జరుపుతుంది. ఆ లెక్క సున్నాతో మొదలవుతుందని మరిచి రాస్తే మా ఇల్లు ఒక ఇల్లు అవతల పడింది. ఆయన పడీపడీ నవ్వారు. "సున్నా నంబరింట్లో ఎవులుంటార్రా, దెయ్యమా?"

సరిచేశాక ఇద్దరం కమిటీ దగ్గరకు వెళ్లాం. మా ఇల్లు తన ఇంటి తర్వాతే పెట్టాలని మావయ్య గొంతు బొంగురుపోయేదాకా అరిచారు. "పై ఏడు సూద్దాంలే పెద్దాయనా" అన్నాడు సెక్రటరీ. ఆ ఏడూ మాది చివరే. మావయ్య మా గడప మీదే కూర్చుని ఘటం వచ్చేదాకా కదల్లేదు. "బెంగెట్టుకోకమ్మా, పై ఏడు నా ఎనకాలే వస్తాది" అన్నారు అమ్మతో.

పై ఏడు వచ్చింది. పండగ ముందే ఆయన పోయారు. కమిటీ మారుమాట లేకుండా ఒప్పుకుంది. పెద్దాయన కోరికట! బతికుండగా గొంతు చించుకుంటే చెవికెక్కని మాట చచ్చాక ఎక్కింది. సిగ్గుండాలి.

పైగా చావు జరిగిన ఇంటి ముందు ఆ ఏడు ఘటం ఆగకూడదు. సెక్రటరీ ఫోన్ చేశాడు. "మైల కదరా, పెద్దాయన పేరు తీసెయ్."

"తీస్తే ఎనకోళ్లంతా ముందుకి జరిగిపోతారు దాదా. అక్కడో ఇల్లుందని కూడా తెలీదు."

"అయితే ఏటంటావు?"

"పేరు ఉంటాది. పక్కన 'ఆగొద్దు' అని రాస్తాను."

"నీ ఇష్టంరా బాబూ" అని పెట్టేశాడు.

పండగనాడు ఆయన గుమ్మం దగ్గరకు రాగానే డప్పులు ఆగిపోయాయి. మూసిన తలుపు ముందు నుంచి ఘటం చప్పుడు లేకుండా నడిచి మా వైపు తిరిగింది. అమ్మ బిందె ఎత్తి మోసేవాళ్ల పాదాల మీద పసుపు నీళ్లు పోసింది. డప్పులాయన కర్ర పైకెత్తాడు గానీ కొట్టలేకపోయాడు. మా రేకుల మీద ఎండ ఇంకా ఉంది.