రికాబులో కాలు

సైకిల్ తొక్కడానికి కొన్న ఆ కొత్త బూట్లు, తాళం వేసినట్టు పెడల్‌కు అతుక్కుంటాయి. విడిపించాలంటే మడమ బయటికి తిప్పాలి. షాపులో పదిసార్లు తిప్పి చూసుకున్నవాణ్ణి, ఫిల్మ్‌నగర్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడగానే అంతా మరిచిపోయి కాలు పైకి లాగాను. రాలేదు. సైకిల్‌తో సహా మెల్లగా పక్కకి ఒరిగి రోడ్డు మీద పడ్డాను. కాళ్లు రెండూ ఇంకా బందీలే. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది, నేను లాగుతూనే ఉన్నాను.

టీ బండి దగ్గర్నుంచి ఒక పెద్దాయన వచ్చి నా మడమ పట్టుకున్నాడు.

"గుంజకు సార్. గుంజితే ఇంకా బిగుస్తది," అంటూ సీసా మూత తిప్పినట్టు తిప్పాడు. కాలు ఊడివచ్చింది.

"మీకెలా తెలుసండీ?"

"సినిమాల్ల హీరోల బదులు గుర్రమెక్కెటోణ్ణి. జీనుకు ఏలాడే రికాబుల కాలు గిట్లనే ఇరుక్కుంటది. ఆగినంక తీద్దామంటే రాదు సార్, ఆగకముందే తియ్యాలె."

"మీకెప్పుడూ ఇరుక్కోలేదా?"

"ఒక్కసారే," అని, వంగని కుడికాలు ఈడ్చుకుంటూ టీ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు బస్సులో కూర్చున్నా సరే, సిగ్నల్ దగ్గరపడుతుంటే నా మడమ దానంతటదే బయటికి తిరుగుతుంది.