దారం కట్టిన నోటుబుక్కులు

నాకు సంతకం వచ్చు. కొట్టు బోర్డుల మీద తెలుగు కూడబలుక్కొని చదవగలను. అంతకు మించి చదువు లేదు. అయినా మా వీధి పిల్లలకు రాయడం నేర్పింది ఎవరని అడిగితే నన్నే చూపిస్తారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆమెది ఇచ్ఛాపురం, పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. నా మాటలన్నీ సరిచేసి పుస్తకాల మాటల్లో పెడతానంది. పెట్టుకో, కానీ మనుషులు అనుకున్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచు అన్నాను.

మాది ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసేవాళ్ళ వీధి. మా ఆయన నేతగాడు. ఆయన పోయాక మగ్గం ఊడదీసి కలప అటక మీద పెట్టించాను. మగ్గం పోయినా గుంట పోదు కదా. నేసేవాళ్ళు కాళ్ళు దించుకొని కూర్చునే గుంట అది. ముందు గదిలో, నేల మధ్యన, మోకాలు దాటిన లోతు. పూడ్చేయమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు. దాని పక్కనే రాట్నం వేసుకొని, ఇంకా మగ్గాలు ఆడుతున్న ఇళ్ళకు కండెలు చుట్టి ఇస్తూ బతికాను. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దానికి దారం చుడతాం.

కొడుకు సూరత్‌లో మిల్లు పని చేస్తాడు. మా ఆయన పోయిన తర్వాత కోడలు, మనవరాలు నా దగ్గరికి వచ్చేశారు. మనవరాలు నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి కొత్త నోటుబుక్కు తెచ్చింది. రోజూ దినలిపి రాయమన్నారట. డైరీని ఒడియాలో అలా అంటారు. నాలుగు రోజులయ్యాక అడిగాను.

"ఏటి రాసినావు? సదువు."

చదివింది. లేచాను, పళ్ళు తోముకున్నాను, బడికి వెళ్ళాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. రెండో పేజీ అదే. మూడో పేజీ అదే.

"ఓలమ్మా! అన్ని దినాలూ ఒకటేనా? ముతక పంచెలాగ ఎక్కడ సూసినా ఒకటే నేత!"

"రోజూ అదే సేస్తన్నాం కదా నాన్నమ్మా."

"సరే, గుంటలో కాళ్ళెట్టి కూకో. ఈ కండె నిండేదాకా నోరు తియ్యకు. నిండినాక ఏటి ఇన్నావో సెప్పు."

కండె నిండింది. పిల్ల చెప్పింది. రాట్నం తిరిగినప్పుడల్లా ఒకసారి దగ్గుతుందట. పక్కింటి కుక్కరు మూడు కూతలు వేసి నాలుగోది మింగేసిందట. అమ్మ గిన్నెలు తోముతుంటే గాజులు కోపంగా మోగుతున్నాయట. వంటింట్లోంచి మా కోడలు, "నా గాజులకి కోపమేటి, కోపమంతా నాకే!" అని అరిచింది. అది కూడా రాసుకోమన్నాను. ఈ ముక్క ఇప్పుడు రాస్తూ ఆమె నవ్వుతోంది.

బళ్ళో గురుమా, అంటే పంతులమ్మ, ఆ పేజీని క్లాసంతటికీ చదివి వినిపించిందట. వారం తిరిగేసరికి ఇద్దరు పిల్లలు వచ్చారు. నెల తిరిగేసరికి తొమ్మిది మంది. గుంట చుట్టూ కాళ్ళు వేలాడేసుకొని కూర్చునేవారు. చోటు కోసం రోజూ తోపులాటే. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు ఒడియా. అందుకని మన మాటనే ఒడియా అక్షరాల్లో రాసుకునేవారు. నాకు ఏ అక్షరమైనా ఒకటే. నా చదువంతా చెవితోనే.

నా పద్ధతి నేతలోంచి వచ్చిందే. ముందు ఒక కండె నిండేంత సేపు మౌనంగా కూర్చోవాలి. ఊపిరి వినాలి, ఇల్లు వినాలి, వీధి వినాలి. తర్వాతే కలం పట్టాలి. రబ్బరు ఇంట్లోకి రానివ్వను, గుమ్మం దగ్గర డబ్బాలో వేసి రావాలి. పోగు తెగితే చీర చింపుకోం, ముడి వేసి ముందుకు పోతాం. రాతలో తప్పొస్తే ఒక గీత కొట్టి ముందుకు పొమ్మనేదాన్ని. చివర అందరూ పైకి చదవాలి. దొంగ మాట నా చెవికి ఇట్టే తెలిసిపోయేది. సముద్రం చాలా అందంగా ఉంది అని ఒకడు చదివాడు.

"గోపాలపూర్ నువ్వెల్లినావా, నీ గైడు పుస్తకం ఎల్లిందా?"

వాడు తల గోక్కున్నాడు. "కెరటానికి నా నిక్కరు ఊడిపోయింది మామ్మా. అందరూ నవ్వినారు."

"అదీ! అది రాయి."

ఆ పైకి చదివించడంలోనే నేను తప్పు చేశాను.

వీధి మొదట్లో కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. అన్నదమ్ములిద్దరి వ్యాపారం. పెద్దాయన కూతురు నా దగ్గరికి వచ్చేది. మాట తక్కువ, కలం పడితే మాత్రం ఆగేది కాదు. అందరి కన్నా నాకు ఆ పిల్ల రాతంటేనే ప్రాణం. ఒక సాయంత్రం ఇలా చదివింది: "మా నాన్న, చిన్నాన్న పక్కపక్కనే కూర్చొని అన్నం తింటారు. ఉప్పు చిన్నాన్న దగ్గర ఉంటుంది. నాన్న మా నాన్నమ్మతో, ఉప్పు ఇవ్వమను అంటాడు. నాన్నమ్మ చిన్నాన్నతో, ఉప్పు ఇవ్వు అంటుంది. మా ఇంట్లో ఉప్పు చాలా దూరం నడుస్తుంది."

నేను చప్పట్లు కొట్టాను. ముందు గది తలుపు వీధిలోకి తెరిచే ఉంది. అరుగు మీద ఇద్దరు మనుషులు కూర్చొని ఉన్నారు.

మర్నాడు ఎవడో దుకాణంలో వెటకారం చేశాడట. "సావుకారూ, ఉప్పు కావాల. నిన్నడగాలా, మీ అమ్మనడగాలా?" వ్యాపారం చేసే ఇంట్లో అన్నదమ్ములు విడిపోతున్నారని పొక్కితే సరుకిచ్చేవాడు కూడా వెనకాడతాడు. మధ్యాహ్నానికి పిల్ల తల్లి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం అవతలే నిలబడింది.

"పెద్దమ్మా, రాత నేర్సుకోడానికి పంపినాను గానీ, మా ఇంటి గుట్టు ఈదిలో ఆరెయ్యడానికి పంపినానేటి?"

"పిల్ల నిజమే రాసింది కదమ్మా," అన్నాను, బుద్ధి లేక.

"నిజమైతే? నిజమని గుమ్మంలో పరిసేస్తారా?"

నోటుబుక్కు బీరువా మీదికెక్కింది. పిల్ల రావడం మానేసింది. అంతకన్నా పెద్ద దెబ్బ పది రోజుల తర్వాత తగిలింది. బళ్ళో ఆ పిల్ల మళ్ళీ "లేచాను, పళ్ళు తోముకున్నాను" అని రాస్తోందని మనవరాలు చెప్పింది. ఆ రోజు నా చేతిలో రాట్నం తిరగలేదు. అంత చక్కటి చెయ్యి మూతపడిపోతే ఆ పాపం నాదే.

ఆలోచించాను. పైకి ఎందుకు చదివిస్తున్నాను? వాళ్ళు రాసింది నాకు చదవడం రాదు కనుక. నా లోటును పిల్లల నెత్తిన పెట్టాను. మర్నాడు పట్టు దారం తుంపులు గంపెడు తెచ్చి తలా ఒక రంగు ఇచ్చాను. "రాసినాక బుక్కు కట్టీండి. ముడి ఎవులిది ఆలదే. ఇప్పాలనిపిస్తే ఇప్పండి, నేకపోతే మానీండి. నాను కూడా అడగను."

ఇది తెలిసినా ఆ తల్లి పిల్లను పంపలేదు. ఎందుకు పంపుతుంది? వాళ్ళ ఇంటి మాట బయట పడింది, నా ఇంటి మాట భద్రంగా ఉంది. అప్పుడు నేనే ఒక నోటుబుక్కు కొనుక్కున్నాను. గుంటలో కాళ్ళు దించి, కండె నిండేంత సేపు కూర్చొని, కలం పట్టాను. చిన్నప్పుడు రెండు తరగతులు చదివిన తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి, కుంటుకుంటూ. నాలుగు వాక్యాలకు మూడు సాయంత్రాలు పట్టింది. తప్పులకు గీతలు కొట్టాను. మా ఇంట్లో ఎవరికీ తెలియని మాట అది. ఎర్ర దారంతో ముడి వేసి ఆ ఇంటికి పట్టుకెళ్ళాను.

"ఏటిది పెద్దమ్మా?"

"మీ ఇంటి మాట నా వల్ల ఈదిలో పడింది. ఇది మా ఇంటి మాట. నువ్వు సదువు. ఆ తర్వాత నీ ఇష్టం, ఈదిలో సెప్పుకుంటే సెప్పుకో."

ఆమె టెక్కలి పిల్ల, తెలుగు చదవగలదు. విప్పింది. పెదవులు కదుపుతూ చదివింది. ఒకసారి నా ముఖం, తర్వాత నా చేతులు చూసింది. నోటుబుక్కు మూసి, నేను వేసినట్టే ముడి వేసి ఇచ్చింది.

"టీ తాగి ఎల్లండి," అంది. పాలు పొయ్యి మీద పెడుతూ, నావైపు చూడకుండా, "రేపొస్తాది," అంది.

వచ్చింది. తన చోట కూర్చుంది. కండె నిండే వరకు కళ్ళు మూసుకొని, తర్వాత చీకటి పడేదాకా రాసింది. పచ్చ దారం కట్టుకొని వెళ్ళిపోయింది. ఏం రాసిందో నేను ఈనాటికీ అడగలేదు. కలం ఆగకుండా నడవడం చూశాను, అది చాలు నాకు. ఆ పిల్ల ఇప్పుడు ప్లస్ టూ చదువుతోంది. ఆదివారాలు వచ్చి చిన్నపిల్లలను గుంట చుట్టూ కూర్చోబెట్టేది తనే. రబ్బర్ల డబ్బా దగ్గర నాకన్నా గట్టిగా ఉంటుంది.

పోయిన ఏడు మా వీధిలో ఒక పెళ్ళి జరిగింది. ఛత్రపూర్ నుంచి వచ్చిన ఒకావిడ మా ఇంట్లో నేసిన పట్టు చీర కట్టుకొచ్చింది. మా మగ్గం మీద ఆఖరి చీర అది. పెద్దవాళ్ళు అంచు పట్టుకొని చూసి, "ఆ మహానుబావుడి సెయ్యే సెయ్యి! మంచాన పడే ముందు కూడా పోగు తప్పలేదు," అని మెచ్చుకున్నారు. దుకాణం పెద్ద కోడలు, ఆ పిల్ల తల్లి, నా పక్కనే ఉంది. ఇన్నేళ్ళలో ఆమె నోట నా నోటుబుక్కులోని మాట ఒక్కసారీ పొక్కలేదు. అప్పుడూ పొక్కలేదు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని, "అవును, మంచి సెయ్యి," అంది.

ఇప్పుడు నా ముడి నేనే విప్పుతున్నాను. ఆ నోటుబుక్కులో రాసింది ఇది: "ఆయనకు చూపు పోయింది. ఆఖరి చీర నేను నేశాను. తలుపు వేసుకొని నేశాను. ఆయన పక్కన కూర్చొని రంగులు అడిగేవాడు." మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, మగ్గం మగవాళ్ళది. ఆయన పేరు నిలవాలని నేను నోరెత్తలేదు. ఆ పేరు ఎలాగూ నిలిచింది. నా చెయ్యి కూడా కాస్త వెలుగు చూడాలి.

మా కోడలు కలం ఆపేసింది. "అత్తా! నిజమేనా? పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, నాతో ఒక్క మాటైనా అనలేదే. ఈ ముక్క కొట్టీమంటారా?"

"కొట్టకు," అన్నాను. "రాయి."