బొంతల మిషను ముందు మా అవ్వ

నా చిన్నప్పుడు మొయినాబాదు దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్‌లో చలి మొదలవుతోందంటే మా ఇంటి అరుగు మీద పాత చీరల మూటలు దిగేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తెచ్చి ఇచ్చేవారు. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె ఆ చీరలను పొరలు పొరలుగా పరిచి, అంచులు సరిచేసి, చేత్తో బొంతలు కుట్టేది. మా నాన్న, బాపు, కూలికి పోయేవాడు. అవ్వ మాత్రం పొద్దంతా బొంత మీద కూర్చుని ఉండేది. ఆమె ఒళ్లో కాళ్లు దూర్చి పడుకోవడం నాకు అలవాటు.

ఆమె చూపు తగ్గుతోందని మొదట తెలిసింది నాకే. సూదిలో దారం ఎక్కించమని అస్తమానం పిలిచేది. తిన్నగా సాగే కుట్టు పక్కకు జరిగిపోయేది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. మిషను ఒకటి ఉంటే చేతి స్పర్శతోనే వరుస తప్పకుండా కుట్టుకోవచ్చని ఆమె ఆశ. అడగ్గా అడగ్గా బాపు ఒప్పుకున్నాడు.

అవ్వకు మిషను సంగతి ఏమీ తెలియదు. పక్కింటి అక్క మొయినాబాదులో జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోంది కాబట్టి ఆమెను వెంటబెట్టుకుని చేవెళ్ల పోయాం. దుకాణంలో బంగారు రంగు పూలున్న చిన్న మిషను ఒకటి ధగధగలాడుతోంది. అవ్వ దాన్ని నిమురుతూ అక్కడే నిలబడిపోయింది. అక్క మాత్రం ఇంటి నుంచి తెచ్చిన బొంతను గట్టిగా చుట్ట చుట్టి, సూదికీ మిషను ఒంటికీ మధ్యనున్న సందులో పెట్టి చూసింది. చుట్ట సగం కూడా పట్టలేదు.

“గిండ్ల జాకెట్లు కుట్టొచ్చు గని బొంత ఎట్ల తిరుగుతది చిన్నమ్మా?” అంది.

దుకాణం మూలన టార్పాలిన్లు కుట్టే పాత మిషను ఒకటి ఉంది. రంగు లేచిపోయింది కానీ సూదిని మోసే దాని చెయ్యి పొడుగు. బొంత చుట్ట ఆ చెయ్యి కింద సులువుగా పట్టింది. దాన్నే తెచ్చుకున్నాం. ఇప్పుడు మా కోడలు బొంతలు కుట్టే పెద్ద పెద్ద మిషన్ల బొమ్మలు ఫోనులో చూపించి, ఏది కొనమంటావని అడుగుతోంది. ముందు నువ్వు కుట్టే బొంతను దాని చెయ్యి కింద పెట్టి చూడు, మెరుపు సంగతి తర్వాత, అని చెప్పాను. నాకు తెలిసింది అంతే.

మొదట్లో మిషను అవ్వను ఏడిపించింది. మందానికి తగిన సూది వేయక సూదులు విరిగేవి, కింద దారం ముద్దలు కట్టేది. అవ్వా అక్కా కలిసి ఒక్కొక్కటే నేర్చుకున్నారు. బొంతకు లావు సూది వేయాలి. పాత చీరలు నూగు రాలుస్తాయి కాబట్టి పని కాగానే గుడ్డను ముందుకు జరిపే పళ్ల కింద పేరుకున్న ఆ నూగును కుంచెతో తీయాలి. నూనె చుక్క చుక్కగా వేసి, ముందు చిరుగు గుడ్డ మీద కాసేపు తిప్పాలి, లేకపోతే బొంతకు మరక పడుతుంది. అవ్వ అవన్నీ కళ్లు మూసుకుని చేసేది. ఎందుకలా అని నేను అడగలేదు. నాకు తెలుసు.

ఆ చలికాలం గడవకముందే చూపు పూర్తిగా పోయింది. బాపు పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోయాడు. పోయిన చూపు ఇక రాదన్నారు. అయినా మిషను ఉంది కదా అని అవ్వ ధైర్యంగానే కూర్చుంది. ఒకరోజు సూది ఆమె వేలిలో దిగబడింది. బాపు చక్రం వెనక్కి తిప్పి వేలు విడిపించాడు. ఆ తర్వాత ఆమెను మిషను దగ్గరికి రానివ్వలేదు. దాని మీద దుప్పటి కప్పేశాడు. అతనిది భయం.

అక్కడితో ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆదివారం చర్చికి రమ్మంటే రాలేదు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే ఆమెన్ అనలేదు. అన్నం నోటి దాకా తీసుకుపోతేనే తినేది. ఇచ్చిన చీరల మూటలను ఎవరివి వాళ్లు వచ్చి తీసుకుపోయారు. నేను ఒళ్లో కాళ్లు దూర్చినా ఆమె చెయ్యి నా మీదికి వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క వచ్చి మిషను మీది దుప్పటి తీసింది. నోటి మీద వేలు పెట్టుకుని నన్ను ఊరుకోమని సైగ చేసింది. కింద దారం చుట్టిన బాబిన్ ఉండే చోట దారపు ఉండ ఒకటి కుక్కింది. చక్రం తిప్పితే మిషను టకటకమని కొట్టుకుంది.

“చిన్నమ్మా, గిదేందో కొట్టుకుంటున్నది. నాకు సమజైతలేదు. జర చూడవా?”

“నేనేం చూస్త బిడ్డా.”

“చూడకు. ఇను.”

చాలాసేపటికి అవ్వ లేచింది. మేమిద్దరం చెరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. మిషను వీపు మీద అరచెయ్యి ఆనించి, చక్రం తిప్పమంది. మెడ వంచి విన్నది. తర్వాత వేళ్లతో తడుముతూ సూది కింది పలక జరిపి, బాబిన్ తీసి, ఆ ఉండను బయటికి లాగింది. మళ్లీ తిప్పితే మిషను మెత్తగా నడిచింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అక్క ముఖం వెలిగిపోయింది.

అవ్వ ఆ ఉండను రెండు వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయింది.

“చిక్కుకున్న దారం గాదు గిది. కుక్కిన దారం. నా కండ్లు పోయినయి గని చేతులు పోలేదు బిడ్డా. ఎందుకు చేసినవ్?”

అక్క అబద్ధం చెప్పలేదు. అవ్వ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది.

“ఏం జేయాల్నో తెల్వక, చిన్నమ్మా. నిన్ను గిట్ల చూడలేక.”

అవ్వ కూడా ఏడ్చింది. చూపు పోయాక ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఏడుస్తూనే అక్క తల నిమిరింది.

అంతటితో అవ్వ మారిపోయిందని చెప్పాలని ఉంది కానీ అలా జరగలేదు. మరునాడు మళ్లీ గోడ వైపే కూర్చుంది. ఆ తర్వాత ఎన్నడూ బొంత కుట్టలేదు. అక్క మాత్రం రావడం మానలేదు. ఇక ఏ ఉపాయమూ పన్నలేదు. వచ్చి అవ్వ పక్కన ఆ గోడకే ఆనుకుని కూర్చునేది. పెళ్లయి వెళ్లిపోయే దాకా అలాగే వచ్చింది. అవ్వ ఆ చీకటిలోనే ఉండి, ఆ చీకటిలోనే పోయింది. వెలుగు వస్తుందని నేను ఎదురుచూసిన రోజులన్నీ వృథాగానే పోయాయి.

అందుకే నేను ఎవరికీ అంతా బాగవుతుందని చెప్పను. ఈమధ్య సురంగల్‌లో నా చిన్ననాటి స్నేహితురాలికి కొడుకు పోయాడు. ఆమె తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడటం లేదని తెలిసి షేర్ ఆటోలో పోయాను. ఏం చెప్పను అని దారంతా అనుకున్నాను. తలుపు కొట్టి, “నాకు గూడ ఏం జేయాల్నో తెలుస్తలేదు, జర జరుగు, కూసుంట,” అన్నాను. ఆమె తలుపు తీసి, పక్కకు జరిగింది.